ముందు సర్కారు గదుల్లో ఏసీ తగ్గించండి

మే నెలలో రాత్రి తొమ్మిదిన్నరకు కరెంటు పోతే విజయవాడలో ఇంట్లో ఉండలేం. పగలంతా కాగిన స్లాబు అప్పుడే వేడి కక్కుతుంటుంది. సింగ్‌నగర్‌లో, వించిపేటలో, అటు పాతగుంటూరులో జనం చాపలు చంకన పెట్టుకుని డాబా ఎక్కుతారు. చంటిపిల్లల తల్లులు విసనకర్ర పట్టుకుని కూర్చుంటారు. సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేస్తే ఒకటే జవాబు: లోడ్ ఎక్కువైంది, ఏసీలు తగ్గించుకోండి. తగ్గించుకుంటాం. కానీ ఆ మాట చెప్పే ప్రభుత్వం తన గదిలో తగ్గించిందా?

మొన్న సోమవారం, అర్జీల రోజు, మా విలేకరి ఓ ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లారు. మధ్యాహ్నం రెండున్నరకు సమావేశ మందిరంలో ఒక్కరూ లేరు. నాలుగు ఏసీలు నడుస్తున్నాయి, నాలుగింటి మీదా 18 అంకె వెలుగుతోంది. తలుపు సందులోంచి చల్లగాలి వరండాలోకి వస్తోంది. ఆ సందు దగ్గరే ఓ పెద్దాయన గోడకు చేరగిలబడి, తెచ్చుకున్న అర్జీతోనే విసురుకుంటున్నాడు. సాయంత్రం ఏడు దాటాక కూడా ఆ ఏసీలు ఆగలేదు. ఊళ్లో ఫీడర్ల మీద, అంటే సబ్‌స్టేషన్ నుంచి కాలనీలకు కరెంటు తెచ్చే లైన్ల మీద, భారం పెరిగేది సరిగ్గా ఆ వేళకే.

దీన్ని కాస్త కరెంటు వృథాగా కొట్టిపారేయలేం. ఏసీ అంటే హీట్ పంపే. గదిలో వేడిని తోడి బయట పోస్తుంది. అదే పని నీళ్లకు చేయించవచ్చు. కాయిల్ గీజరు ఒక యూనిట్ కరెంటుకు ఒక యూనిట్ వేడి ఇస్తే, హీట్ పంపు బయటి గాలిలోని వేడిని తోడుకుని మూడు యూనిట్ల దాకా ఇవ్వగలదు. అంతకన్నా ముఖ్యమైనది ఒకటుంది. ఈ యంత్రాన్ని పావుగంట ఆపినా భవనం వెంటనే వేడెక్కదు. గోడలు, స్లాబు, చిల్లర్ (పెద్ద భవనాలకు నీళ్లు చల్లబరిచి పంపే యంత్రం) పైపుల్లోని నీళ్లు చల్లదనాన్ని కొంతసేపు పట్టి ఉంచుతాయి. మధ్యాహ్నం సోలార్ కరెంటు దండిగా ఉన్నప్పుడు భవనాన్ని బాగా చల్లబరిచి, సూర్యుడు దిగి ఇళ్లలో స్విచ్చులు పడే వేళకు కంప్రెసర్ల వేగం తగ్గిస్తే గ్రిడ్‌కు, అంటే విద్యుత్ కేంద్రాలను ఊళ్లతో కలిపే లైన్ల వలకు, ఊపిరి ఆడుతుంది.

గ్రిడ్ ఫ్రీక్వెన్సీ, అంటే కరెంటు సెకనుకు ఎన్ని ఆవృతాలు తిరుగుతుందో ఆ లెక్క, 49.90, 50.05 హెర్ట్జ్ మధ్య నిలబడాలన్నది నిబంధన. వాడకం ఉత్పత్తిని మించితే అది జారిపోతుంది. 2012 జులైలో వరుసగా రెండు రోజులు గ్రిడ్లు కుప్పకూలి ఉత్తర, తూర్పు భారతం చీకట్లో మునిగితే మనం తప్పించుకున్నాం. అప్పటికి దక్షిణ గ్రిడ్ వేరుగా ఉంది. 2013 డిసెంబర్ 31న అదీ కలిసింది. ఇప్పుడు దేశమంతా ఒకే తాడు పట్టుకుని ఉంది. ఫ్రీక్వెన్సీ జారి, ఉత్పత్తి పెంచి సర్దుకోలేకపోతే చివరికి మన మీద పడేది లోడ్ రిలీఫ్. అంటే ఫీడరు కట్ చేయడం, కాలనీ మొత్తాన్ని చీకట్లోకి నెట్టడం. అలా కాకుండా ఒకటిన్నర టన్ను ఏసీలు లక్షన్నర, పూర్తి లోడ్ మీద నడుస్తున్నవి, కాసేపు కంప్రెసర్లు ఆపాయనుకోండి. ఒక్కోటి ఒకటిన్నర కిలోవాట్ లెక్కన 225 మెగావాట్లు మిగులుతాయి. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలోని ఒక 210 మెగావాట్ల యూనిట్ కన్నా అది ఎక్కువ. తిరిగి అన్నీ ఒకేసారి ఆన్ చేస్తే మళ్లీ మొదటికే వస్తుంది కాబట్టి విడతలుగా చేయాలి. ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. పెద్ద భవనాల చిల్లర్లకు టైమర్లు, కంట్రోల్ ప్యానెళ్లు ఇప్పటికే ఉన్నాయి. చేయించే మనిషే లేడు.

ఆపరేషన్ థియేటర్లు, ఐసీయూల జోలికి పోకూడదని, పాత ఏసీలకు ఇది కుదరదని, ఖర్చవుతుందని అధికారులు అంటారు. మొదటి మాట నిజం, దాన్ని ఎవరూ కాదనరు. మిగిలినవి సాకులు. డిస్కంలు (కరెంటు పంపిణీ సంస్థలు) కరెంటు కొనుక్కునే మార్కెట్ అయిన ఎక్స్ఛేంజీలో కొరత వేళ యూనిట్ ధర 10 రూపాయల గరిష్ఠ పరిమితిని తాకుతుంది. ఆ ధరకు కొని, దాని భారాన్ని సర్దుబాటు ఛార్జీ పేరుతో రెండు గదుల ఇంటి బిల్లులో వేసేటప్పుడు ఖర్చు గుర్తుకు రాదా?

జనం మీదికి మాత్రం నిబంధనలు వస్తూనే ఉన్నాయి. 2020 జనవరి 1 నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలన్నారు. 2025 జూన్‌లో కేంద్ర విద్యుత్ మంత్రి మనోహర్‌లాల్ ఖట్టర్ ఇక ఏసీలు 20 నుంచి 28 మధ్యే పనిచేసేలా చేస్తామన్నారు. స్మార్ట్ మీటర్లు వస్తున్నాయి, వేళను బట్టి రేట్లు అంటున్నారు. మంచి ఉద్దేశమే కావచ్చు. కానీ ఆ 18 డిగ్రీల ఖాళీ హాలుకు ఏ నిబంధనా ఎందుకు వర్తించదు? ఆ బిల్లు కట్టేది కూడా మనమే. ప్రభుత్వ శాఖలు డిస్కంలకు పడ్డ బకాయిల సంగతి సరేసరి. మనం నెల దాటితే లైన్‌మన్ వచ్చి ఫ్యూజ్ పీకుతాడు.

జర్మనీలో 2024 జనవరి 1 నుంచి కొత్తగా పెట్టే పెద్ద హీట్ పంపులను, నెట్‌వర్క్ మీద భారం పడినప్పుడు పంపిణీ సంస్థ వాటి వాడకాన్ని 4.2 కిలోవాట్ల స్థాయికి దించవచ్చు. పూర్తిగా ఆపే హక్కు లేదు. బదులుగా వినియోగదారుడికి నెట్‌వర్క్ ఛార్జీలో తగ్గింపు ఇచ్చి తీరాలి. ఇంటి యంత్రం మీద చెయ్యి వేసేముందు అక్కడ లెక్క చూపించారు. ఇక్కడ మన దగ్గర తీసుకునేదే తప్ప ఇచ్చేది కనిపించదు.

అమరావతిలో సచివాలయ టవర్లు, హైకోర్టు లేస్తున్నాయి. భవనాలన్నింటికీ ఒకేచోట నుంచి చల్లటి నీళ్లు పంపే ఏర్పాటు కోసం 2019లో సీఆర్డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) అబుదాబికి చెందిన తబ్రీద్‌తో 30 ఏళ్ల ఒప్పందం చేసుకుంది. ఆ తర్వాత రాజధానే ఆగిపోయింది. ఇప్పుడు పనులు మళ్లీ సాగుతున్నాయి. చల్లటి నీళ్లు నిల్వ చేసే ట్యాంకులకు చోటు ఇప్పుడే వదలాలి. మధ్యాహ్నం నింపుకున్న ఆ ట్యాంకులే రాత్రి గ్రిడ్‌కు అండ. కట్టడం అయ్యాక గోడలు పగలగొట్టి పెట్టేవి కావవి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో, సంక్షేమ హాస్టళ్లలో కాయిల్ గీజర్లు తీసి హీట్ పంపులు పెట్టడానికి ఏ విదేశీ కంపెనీ ఒప్పందమూ అక్కర్లేదు.

రాష్ట్ర విద్యుత్ సంస్థల ప్రధాన కార్యాలయం విద్యుత్ సౌధ ఉన్నది విజయవాడలోనే, గుణదలలో. ఎక్కడికి ఎంత కరెంటు పంపాలో చూసే రాష్ట్ర లోడ్ డిస్పాచ్ కేంద్రమూ ఇక్కడిదే. కలెక్టరేట్లు, కార్పొరేషన్ భవనాలు, శాఖల కార్యాలయాలు సాయంత్రం ఏడు నుంచి పది దాకా ఎంత కరెంటు లాగుతున్నాయో వచ్చే మార్చిలోగా భవనంవారీగా బయటపెట్టండి. ఆ మూడు గంటలు ఎంత తగ్గించారో ప్రతి వారం చూపించండి. అధికారి గదిలో 24 పెట్టించలేని ప్రభుత్వం మా ఇంటి ఏసీ జోలికి రావద్దు. మా ఫీడరు మీద అసలే చెయ్యి వేయొద్దు.