9–0 వీరులకు జరిగిన అన్యాయం

బేస్‌బాల్ చరిత్ర రాసినవాళ్లంతా పక్షపాతులే. బేబ్ రూత్ కొట్టిన 714 హోమ్ రన్ల (మన సిక్సర్ల లాంటివి) మీద పేజీలకు పేజీలు రాశారు. బ్యాటు పట్టకుండా, చెమట చుక్క రాలకుండా, ఆఫీసు గదిలో కూర్చునే మ్యాచ్ ఫలితం తేల్చేసిన మహానుభావులకు మాత్రం తగిన గౌరవం దక్కలేదు. టికెట్లు అమ్ముడుపోవడానికి పథకాలు వేసే అధికారుల గురించే నేను చెప్పేది.

క్రికెట్ తప్ప మరొకటి చూడనివాళ్ల కోసం ముందు ఒక రూల్ చెప్పాలి. సొంత మైదానంలో ఆట సాగనివ్వలేకపోయిన జట్టు ఓడిపోయినట్టు అంపైర్ ప్రకటించవచ్చు. అప్పుడు స్కోరు 9–0 అని రాసుకుంటారు. తొమ్మిది ఇన్నింగ్స్ ఆట కాబట్టి ఇన్నింగ్స్‌కి ఒకటి చొప్పున. ఆ తొమ్మిది పరుగుల్లో ఒక్కదానికోసం కూడా ఎవరూ పరిగెత్తక్కర్లేదు.

ఈ విద్యకు శిఖరం 1974 జూన్ 4, అమెరికాలోని క్లీవ్‌లాండ్. స్టేడియంలో 70 వేలకు పైగా సీట్లు, జనం మాత్రం అరకొర. పైగా ఆ రోజు ఆడటానికి వస్తున్నది టెక్సస్ రేంజర్స్ జట్టు. వారం కిందటే వాళ్ల ఊళ్లో ఈ రెండు జట్లూ కలబడి కొట్టుకున్నాయి, అక్కడి జనం క్లీవ్‌లాండ్ ఆటగాళ్ల మీద బీరు కూడా పోశారు. ఇలాంటి వాతావరణాన్ని చల్లార్చాలంటే ఏం చేయాలి? 65 సెంట్ల బీరు 10 సెంట్లకే పోయాలి! బాధ్యత లేదని ఎవరూ అనకుండా ఒకసారికి ఆరు కప్పులే అని కట్టడి కూడా పెట్టారు. ఎన్నిసార్లు రావచ్చన్నది మాత్రం జనం విచక్షణకే వదిలేశారు.

25,134 మంది విచక్షణ వెంటబెట్టుకుని వచ్చారు. ఒకావిడ మైదానంలోకి దిగి అంపైర్‌కి ముద్దు పెట్టబోయింది. టెక్సస్ ఆటగాడు టామ్ గ్రీవ్ రెండో హోమ్ రన్ కొట్టేసరికి, ఒంటిమీద నూలుపోగు లేని ఒకాయన రెండో బేస్ (పరుగు తీసేవాడు తాకుతూ వెళ్లాల్సిన దిండు లాంటి గుర్తు) దాకా పరిగెత్తాడు. తండ్రీకొడుకులిద్దరు ఔట్‌ఫీల్డ్‌లోకి వెళ్లి ప్యాంట్లు దించి చూపించారు. ఈ కాలంలో తండ్రీకొడుకులు కలిసి ఏ పనీ చేయడం లేదని బాధపడే పెద్దలు ఇది గమనించాలి.

తొమ్మిదో ఇన్నింగ్స్‌లో క్లీవ్‌లాండ్ 5–5కి వచ్చింది. గెలుపు పరుగు తీయాల్సినవాడు బేస్ మీద నిలబడి ఉన్నాడు. సరిగ్గా అప్పుడే ఒక అభిమానికి టెక్సస్ ఫీల్డర్ జెఫ్ బరోస్ టోపీ మీద మనసు పడింది. ఆ పెనుగులాటలో బరోస్ తూలి పడ్డాడు. దూరం నుంచి చూసిన టెక్సస్ మేనేజర్ బిల్లీ మార్టిన్, మనవాణ్ణి కొట్టేశారనుకుని జట్టు మొత్తాన్ని బ్యాట్లతో దింపాడు. జనం చుట్టుముట్టారు. అప్పుడు క్లీవ్‌లాండ్ మేనేజర్ కెన్ ఆస్ప్రోమాంటే తన ఆటగాళ్లకూ బ్యాట్లు పట్టమని చెప్పి, ప్రత్యర్థులను కాపాడటానికి సొంత అభిమానుల మీదికే పంపాడు. వారం కింద ఒకరి చొక్కా ఒకరు పట్టుకున్నవాళ్లు పక్కపక్కన నిలబడి పోరాడారు. ఇంత సయోధ్య ఏ శాంతి కమిటీ కుదర్చగలదు?

అంపైర్ నెస్టర్ చైలాక్ తలకి కుర్చీ తగిలి రక్తం కారాక, మ్యాచ్ 9–0. బేస్‌లు కూడా ఎవరో పీక్కుపోయారు. యాజమాన్యం గుణపాఠం నేర్చుకుందా అంటే, బ్రహ్మాండంగా నేర్చుకుంది. జూలైలో మళ్లీ 10 సెంట్ల బీరు పెట్టి, ఈసారి మనిషికి రెండు కప్పులే అంది.

షికాగోలో 1979 జూలై 12న మత్తు చాలదన్నట్టు మందుగుండు కూడా తెచ్చారు. డిస్కో పాటల గ్రామఫోన్ రికార్డు ఒకటి పట్టుకొస్తే టికెట్ 98 సెంట్లే. వచ్చిన రికార్డులన్నీ పెట్టెలో పోసి, ఆ రోజు జరిగే రెండు మ్యాచ్‌ల మధ్య మైదానంలోనే పేల్చడం పథకం. పెట్టె నిండిపోవడంతో మిగిలిన రికార్డులు గాల్లో తిరుగుతూ ఫీల్డర్ల మీదికి వెళ్లాయి. పేలుడుకి గడ్డిలో గొయ్యి పడింది, వేలమంది లోపలికి ఉరికారు, 39 మందిని అరెస్టు చేశారు, రెండో మ్యాచ్ 9–0. ఈ ఆలోచనలో ముఖ్యుడు షికాగో జట్టు యజమాని బిల్ వీక్ కొడుకు మైక్. ఆ అబ్బాయికి తర్వాత బేస్‌బాల్‌లో చాలాకాలం ఉద్యోగం దొరకలేదు. తండ్రికి మాత్రం 1991లో బేస్‌బాల్ దిగ్గజాల గౌరవ జాబితా అయిన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చారు. వారసత్వానికి ఇంతకంటే అవమానం ఉంటుందా?

ఇక 1995 ఆగస్టు 10, లాస్ ఏంజెలిస్. గేటు దగ్గర ప్రేక్షకులకు బేస్‌బాల్ బంతులు ఉచితంగా పంచారు. బంతిని మనిషి ఏం చేస్తాడో జట్టు యాజమాన్యానికి తట్టలేదు. సొంత జట్టు వెనకబడి ఉంది, అంపైర్ నిర్ణయం నచ్చలేదు, చేతిలో బంతి ఉంది. విసిరారు. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. ఆ ఊరి జట్టు డాడ్జర్స్ ఓడినట్టు ప్రకటించారు.

ఆ తర్వాత అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ పోటీ మేజర్ లీగ్‌లో ఇలాంటి మ్యాచ్ మళ్లీ జరగలేదు. ఇప్పటి అధికారులు తల ఊపే బొమ్మలు పంచి సరిపెడుతున్నారు. బీరు సంగతి సరేసరి. ఇవాళ స్టేడియంలో కప్పు ధర చూస్తే, రెండో బేస్ దాకా బట్టల్లేకుండా పరిగెత్తేంత మత్తు ఎక్కించుకోవడానికి ముందు బ్యాంకులో లోన్ పెట్టుకోవాలి.