బ్లాక్ ఎంతో తెలుసు, కండరానికి రక్తం ఎంత అందుతోంది?

నెల్లూరు, సూళ్లూరుపేట, చిత్తూరు నుంచి గుండె ఫైలు పట్టుకుని చెన్నై గ్రీమ్స్ రోడ్డుకు వచ్చే మనవాళ్ల నోట వినిపించే మాట ‘డెబ్బై శాతం బ్లాక్’. రక్తనాళం ఎంత ఇరుకైందో ఆ అంకె చెబుతుంది. దాని అవతలి కండరానికి రక్తం చాలుతోందో లేదో చెప్పదు. మధ్యస్థంగా ఉన్న బ్లాకుల్లో ఈ రెంటికీ తరచూ పొంతన ఉండదు. అయినా చాలామంది స్టెంటుకు ఒప్పుకునేది ఆ అంకె చూసే.

రక్తం సంగతి తేల్చే పరీక్షల్లో స్ట్రెస్ ఎంఆర్‌ఐ ఒకటి. అంటే, మందుతో గుండె నాళాలను విప్పార్చి తీసే స్కాన్. ముందురోజు నుంచే కాఫీ బంద్. చెన్నైలో అదే పెద్ద శిక్ష! కానీ నాళాలను విప్పార్చే అడినోసిన్ మందును కెఫీన్ అడ్డుకుంటుంది. పొద్దున్నే ఫిల్టర్ కాఫీ తాగి వెళితే ఉన్న లోపం కనపడకుండా పోవచ్చు. స్కానర్లో పడుకోబెట్టి ఒక చేతికి అడినోసిన్ మూడు నాలుగు నిమిషాలు ఎక్కిస్తారు. ఛాతీ పట్టేసినట్టు, ముఖం వేడెక్కినట్టు ఉంటుంది. మందు ఆపగానే కాసేపటికి తగ్గిపోతుంది. ఆ మందు నడుస్తుండగానే రెండో చేతికి గాడోలినియం (బొమ్మల్లో రక్తం తెల్లగా కనిపించేలా చేసే మందు) ఇచ్చి, ఊపిరి బిగబట్టమని, గుండె కొట్టుకునే కొద్దీ బొమ్మలు తీస్తారు. రక్తం అందిన కండరం తెల్లబడుతుంది. అందనిచోట లోపలి అంచున నల్లమచ్చ నిలిచిపోతుంది. కొన్ని బీట్లకే మాయమయ్యే నలుపు మాత్రం స్కానర్ చేసే మాయ కావచ్చు. అందుకే చూసే కన్ను ముఖ్యం.

2019లో వెలువడిన ఎంఆర్-ఇన్‌ఫార్మ్ అధ్యయనంలో నిలకడైన ఛాతీ నొప్పి ఉన్న 918 మందిని రెండు జట్లు చేశారు. యాంజియోలో నాళంలోకి వైరు పంపి బ్లాక్ దగ్గర రక్తం ఒత్తిడి కొలిచిన జట్టులో 45 శాతం మందికి స్టెంటో బైపాసో పడింది. ఎంఆర్‌ఐ జట్టులో 35.7 శాతానికే. ఏడాది తర్వాత మరణం, గుండెపోటు వంటివి రెండు జట్లలోనూ దాదాపు సమానం: 3.7, 3.6 శాతం.

కంటితో చూడటంలో ఒక చిక్కుంది. నలుపును పోల్చుకోవడానికి పక్కన బాగున్న కండరం ఉండాలి. మూడు నాళాలూ దెబ్బతిన్నా, యాంజియోలో కనపడని సన్ననాళాలే మొరాయించినా అంతటా ఒకే మసక. అందుకే ఇప్పుడు గ్రాము కండరానికి నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల రక్తం అందుతోందో లెక్కగట్టే పద్ధతులు వచ్చాయి. విశ్రాంతిలో సుమారు 1. మందు ఇచ్చాక ఆరోగ్యంగా ఉన్న గుండెలో రెండు మూడు రెట్లు. ‘యాంజియో నార్మలే, గ్యాస్ అయ్యుంటుంది’ అనిపించుకుని ఇంటికెళ్లే ఆడవాళ్లకు ఈ లెక్క చాలా అవసరం.

గుండెపోటుతో వచ్చినవాళ్లకు ఇది పనికిరాదు, అక్కడ నిమిషాలే లెక్క. ఆస్తమా ముదిరినవాళ్లకు, కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు ఆచితూచి చేయాలి. మిగతావాళ్లకు అడ్డొచ్చేది ఎక్కువగా వ్యాపారమే అంటాను. యాంజియో టేబుల్ మీదే స్టెంటూ వేసేయొచ్చు, బంధువులు వరండాలోనే సంతకం పెట్టేస్తారు. ఈ స్కానుకేమో పొడుగాటి స్లాటు, పక్కనే డాక్టరు, గుండె బొమ్మలు చదవడం వచ్చిన రేడియాలజిస్టు కావాలి. ఆలోపు అదే యంత్రం మీద రెండు మోకాళ్ల స్కాన్లు తీసి బిల్లు వేసుకోవచ్చు. స్టెంటు ధరకు 2017లో కేంద్రం కళ్లెం వేసింది. ఇక అది అవసరమా అని అడిగేవాళ్లు కావాలి. అత్యవసరం కాని కేసుల్లో బిల్లు పాసవ్వాలంటే రక్తప్రవాహ పరీక్ష రిపోర్టు జతచేయాలని బీమా సంస్థలు గట్టిగా పట్టుబడితే, ఆ స్లాట్లు వాటంతటవే దొరుకుతాయి.