ఎర్ర పాదరసం కోసం వెల్లుల్లి వృథా చేయకండి

గత నెల రోజుల్లో ఒకే వాట్సాప్ సందేశం నాకు పదకొండు మార్లు వచ్చింది. పంపినవారిలో మా మేనబావ ఉన్నాడు, ఇద్దరు విశ్రాంత ఉపాధ్యాయులున్నారు, నా దగ్గరే రికార్డు ప్లేయర్ బాగుచేయించుకుని వెళ్లిన ఒక పెద్దాయన కూడా ఉన్నారు. విజయనగరంలో పదిహేనేళ్లుగా పాత పెట్టె గ్రామఫోన్లను, చేతిపెట్టెలాంటి రికార్డు ప్లేయర్లను సేకరిస్తూ, బాగుచేస్తూ ఉన్నవాడిని కనుక నాకు ఉపయోగపడుతుందని వారందరూ సదుద్దేశంతోనే పంపి ఉంటారు. "మీ అటక మీద తాతలనాటి పెట్టె గ్రామఫోన్ ఉందా? అయితే మీరు లక్షాధికారులే" అని ఆ సందేశం మొదలవుతుంది. అందులో ఆరు సంగతులున్నాయి. పెట్టె లోపలి గుండ్రని ఇనుప డబ్బాలోనూ, కరెంటు ప్లేయర్లలోని వాల్వులనే గాజు బుడ్డీల్లోనూ ఎర్ర పాదరసం ఉంటుందట. హెచ్.ఎం.వి. కంపెనీ గుర్తయిన కుక్క బొమ్మ ఉంటే అది లండన్ సరుకట. ముల్లు ఎన్నటికీ అరగదట. ఏ రికార్డునైనా ఏ పెట్టె మీదనైనా వేయవచ్చునట. స్పిరిటుతో తుడిస్తే రికార్డులు కొత్తవాటిలా మెరుస్తాయట. పాదరసం విషం కనుక పెట్టెను వట్టి చేతులతో తెరవకూడదట.

కుక్క బొమ్మ సంగతి రెండు ముక్కల్లో తేల్చవచ్చు. ఫ్రాన్సిస్ బరాడ్ గీసిన ఆ కుక్క కలకత్తా దగ్గరి దమ్‌దమ్ కర్మాగారం సరుకు మీద కూడా కూర్చుంది. ఈమధ్య తయారై పాతవిగా అమ్ముడవుతున్న ఇత్తడి గొట్టాల గ్రామఫోన్ల మీద కూడా అదే కుక్క అంతే శ్రద్ధగా వింటోంది. బొమ్మను చూసి ధర కట్టేవారికి నేను చెప్పగలిగింది లేదు.

ముల్లు అరగదన్న మాట అంతకన్నా విచిత్రమైనది. అరగకపోతే 200 ముళ్లు ఒక్కో చిన్న రేకు డబ్బీలో పెట్టి ఎందుకు అమ్మినట్లు? నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులో లక్కతో పాటు మెత్తని రాతిపొడి కూడా ఉంటుంది. ఆ పొడి ఉక్కు ముల్లును తొలి చుట్లలోనే గాడికి సరిపోయేలా అరగదీస్తుంది, ఆ తరువాత కూడా అరగదీస్తూనే ఉంటుంది. పది అంగుళాల రికార్డు ఒక వైపు పాడేసరికి ముల్లు వంద మీటర్లకు పైగా ఆ గాడిలో ఈడ్చుకుపోయి ఉంటుంది. అందుకే వైపుకో ముల్లు. అదే ముల్లుతో రెండో వైపు వేస్తే, అరిగి అంచు తేలిన ఉక్కు ఈసారి గాడిని చెక్కడం మొదలుపెడుతుంది. పాటలో ఒక పొర బూడిదరంగు పొడిగా రాలిపోతుంది.

ఏ రికార్డునైనా ఏ పెట్టె మీదనైనా వేయవచ్చునన్నవారు తమ ఇంట్లోని ఎల్.పి.తోనే (ఎక్కువసేపు పాడే, తరువాతి తరం రికార్డు) ఆ ప్రయోగం చేసుకుంటే నాకు అభ్యంతరం లేదు. 1948లో వచ్చిన ఎల్.పి. గాడి సన్నం, దాని ముల్లు భారం కొన్ని గ్రాములు మాత్రమే. కీ ఇచ్చే గ్రామఫోన్‌లో ముల్లు బిగించే సౌండ్ బాక్సు వంద గ్రాములకు పైబడిన బరువుతో ఉక్కు ముల్లును గాడిలోకి నొక్కుతుంది. నాగలితో దుక్కి దున్నినట్లు ఒక్కసారి దున్నిన తరువాత ఆ ఎల్.పి. గోడకు తగిలించుకోవడానికే పనికివస్తుంది.

స్పిరిటు సలహా దగ్గర నా ఓపిక సన్నగిల్లింది, ఎందుకంటే ఆ తప్పు నేనూ చేశాను. ఏటికొప్పాక బొమ్మలకు మెరుపునిచ్చే లక్కే 78 రికార్డులను పట్టి ఉంచే జిగురు. ఆ లక్కను కరిగించి చెక్కసామానుకు పాలిష్ పెట్టే వడ్రంగి దానిని దేనిలో కరిగిస్తాడో మన ఊళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఈ పనిలోకి కొత్తగా దిగిన రోజుల్లో ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వాయులీనం రికార్డు ఒకటి దొరికితే, మసి పట్టి ఉందని స్పిరిటులో తడిపిన గుడ్డతో తుడిచాను. గుడ్డ నల్లబడింది. మసి వదులుతోందనుకుని సంతోషించి ఇంకా గట్టిగా తుడిచాను. వదిలింది మసి కాదు, రికార్డే. నాయుడుగారు అధ్యక్షులుగా పనిచేసిన సంగీత కళాశాల ఉన్న ఊళ్లోనే ఆ పని చేశానన్న సిగ్గు ఇప్పటికీ పోలేదు. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఎల్.పి.లు లక్కతో చేసినవి కావు కనుక, డిస్టిల్డ్ వాటర్‌లో కొద్దిగా స్పిరిటు కలిపి వాటిని శుభ్రం చేసేవారు ఉన్నారు, వారిని నేను తప్పుపట్టను. సందేశం రాసినవారికి ఆ తేడా తెలిసి ఉంటే సగం నిజం చెప్పినవారయ్యేవారు. 78లకు మాత్రం నీళ్లు, ఒక చుక్క తేలికపాటి సబ్బు చాలు. మధ్యనున్న కాగితం తడవకూడదు, వెంటనే ఆరబెట్టాలి.

ఇక అసలు విషయం, ఎర్ర పాదరసం. పాదరసం, గంధకం కలిసిన ఎర్రని పదార్థాన్ని మనవాళ్లు ఇంగిలీకం అంటారు, దానిలో రహస్యమేమీ లేదు. ఈ సందేశం చెప్పే ఎర్ర పాదరసం అది కాదు. ఇది బంగారం వైపు పరుగెడుతుందట, వెల్లుల్లి చూపిస్తే దూరం జరుగుతుందట, అద్దంలో కనబడదట. ఈ లక్షణాలు దెయ్యానివో లోహానివో పాఠకులే తేల్చుకోవాలి. 2009లో సౌదీ అరేబియాలో ఇదే వదంతి పాత సింగర్ కుట్టుమిషన్ల మీద పుట్టి, జనం వాటిని వేలంవెర్రిగా కొన్నారు. కుట్టుమిషన్లలో దొరకని పాదరసం తరువాత టీవీల్లోకి, రేడియోల్లోకి పాకి, ఇప్పుడు మన అటకలెక్కింది.

వాల్వుల లోపల పైభాగాన వెండిలా మెరిసే మరకను చూసి పాదరసమనుకుంటున్నారు. అది బేరియం పూత. గాజు బుడ్డిలో మిగిలిపోయిన కొద్దిపాటి గాలిని పీల్చుకోవడానికి వేసినది. బుడ్డి పగిలి గాలి తగిలిందంటే ఆ మెరుపు పాలలా తెల్లబడుతుంది, వాల్వు చచ్చిపోతుంది. పాదరసం కోసం పగలగొట్టినవారు కళ్లారా చూసేది తాము చంపిన వాల్వు తెల్లబడటమే. ఇక 1931లో వచ్చిన హెచ్.ఎం.వి. 102 వంటి కీ పెట్టెలో వాల్వు మాట అటుంచి, ఒక్క కరెంటు తీగ కూడా ఉండదు. అందుకేనేమో, అక్కడ పాదరసాన్ని ఇనుప డబ్బాలో దాచారు.

ఈ సందేశంలో మనుషులకు దెబ్బలు తగిలించే వాక్యం ఆ ఇనుప డబ్బాదే. అందులో ఉండేది చుట్టగా చుట్టిన ఉక్కు స్ప్రింగు, కొన్ని మీటర్ల పొడవుది. కీ ఇచ్చి ఉన్నా, సగం విడిచి ఉన్నా, పూర్తిగా విడిచినట్లు కనిపించినా అది డబ్బాలో బిగిసే ఉంటుంది. స్క్రూడ్రైవరు పెట్టి మూత పెకలిస్తే బుసకొడుతూ లేచి చేతులను, ముఖాన్ని కోస్తుంది. మేము దానిని తీసేటప్పుడు తోలు చేతొడుగులు వేసుకుని, గోనెసంచి కప్పి, అంగుళం అంగుళం విడిపిస్తాము. వీడియోల్లో "ఇదిగో" అని చూపించే ఎర్రటి జిగురు ఏళ్ల తరబడి తుప్పుతో కలిసి గట్టిపడిన గ్రీజు. దానిని కిరోసిన్‌తో కడిగి పారబోయడం నా వారానికొక పని. అదే లక్షలు చేసేదైతే ఈపాటికి నేను మా ఊరి గంటస్తంభాన్ని కొని ఉండేవాడిని.

ఆరో సంగతి దగ్గర, ఇంతసేపు వెక్కిరించిన నేను తల వంచుతున్నాను. పెట్టెను వట్టి చేతులతో తెరవవద్దన్న సలహా సరైనదే, దానికి చెప్పిన కారణమే తప్పు. వాల్వు ప్లేయర్లు కొన్నింటిలో కరెంటు తీగ నేరుగా ఇనుప చట్రానికే కలిసి ఉంటుంది. ప్లగ్గు ఒక వైపుగా పెడితే చట్రం మామూలుగా ఉంటుంది, తిప్పి పెడితే చట్రమంతా కరెంటే. ప్లగ్గు పీకిన తరువాత కూడా కెపాసిటర్లలో కొంతసేపు విద్యుత్తు నిలిచి ఉంటుంది. కనుక పాదరసానికి భయపడి పెట్టె జోలికి వెళ్లనివారు అబద్ధం పుణ్యమా అని క్షేమంగా ఉన్నట్లే.

కిందటి నెల రాజాం నుంచి ఒకాయన ఫోన్ చేసి, పెట్టె ఉంది, తీసుకుపొమ్మన్నారు. వెళ్లేసరికి కుడిచేతికి కట్టుంది. అరుగు మీద విప్పదీసిన హెచ్.ఎం.వి. 102, పక్కన మూత లేని ఇనుప డబ్బా, కొస తెగిన స్ప్రింగు, ఒక పళ్లెంలో నాలుగు వెల్లుల్లి రెబ్బలు ఉన్నాయి. తక్కువ ధరకే ఇచ్చారు, అది కూడా ఈ సందేశం చలవే. తెగిన కొసను మంటలో కాల్చి మెత్తబరిచి, కొత్త బెజ్జం వేసి మళ్లీ చుట్టి ఎక్కించాను. స్ప్రింగు కురచబడింది కనుక పాట చివరి చరణానికి వచ్చేసరికి గొంతు బరువెక్కి నిలిచిపోతోంది, మధ్యలో మరోసారి కీ ఇవ్వాల్సి వస్తోంది. ఆయన వారానికొకసారి ఫోన్ చేస్తూనే ఉన్నారు. పెట్టె పాడుతోందా అని అడగరు. "డబ్బాలో ఏటైనా దొరికిందేటి బాబూ?" అని అడుగుతారు.