శనాదివారాల్లో వ్యవసాయం

వ్యవసాయం నేర్చుకోవాలంటే రైతు ఇంట్లో పుట్టాలన్న పాత నియమం రద్దయింది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఫీజు కడితే చాలు. శుక్రవారం రాత్రి గచ్చిబౌలిలో ల్యాప్‌టాప్ మూసేసి, శనివారం పొద్దున్నే వికారాబాద్ వైపు ఏదో రెండెకరాల తోటలో దిగితే, ఆదివారం సాయంత్రానికల్లా ప్రకృతి వ్యవసాయంలో సర్టిఫికెట్ చేతికొస్తుంది. వరి మాత్రం ఇంకా నాలుగు నెలలు తీసుకుంటోంది. ఈ జాప్యం మీద వ్యవసాయ శాఖ వివరణ ఇవ్వాలి.

మొదటి పాఠం జీవామృతం, అంటే రసాయన ఎరువుకు బదులు నేలకు పోసే ద్రావణం. డ్రమ్ములో 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవు పేడ, దానికి తగ్గ గోమూత్రం, రెండేసి కిలోల బెల్లం, శనగపిండి, గట్టు మీది గుప్పెడు మట్టి. నీడలో పెట్టి, పూటపూటా కర్రతో కలుపుతూ 48 గంటలు ఆగాలి. అది సిద్ధమయ్యేసరికి దాన్ని కలిపినవాళ్లు ట్రాఫిక్‌లో ఉంటారు. పేడలో ఒక చెయ్యి ముంచి, సెల్ఫీ కోసం రెండోది శుభ్రంగా అట్టిపెట్టుకున్న వారి ముందుచూపును మాత్రం మెచ్చుకోవాలి.

రెండో పాఠం కలుపు. ఇది నేర్పేది కోర్సు డైరెక్టర్ గారు కాదు, ఊళ్లో కూలికొచ్చే ఒక పెద్దావిడ. "గది కొర్ర బిడ్డా, పీకకు. గడ్డి గిది" అంటుంది. కొర్ర మొలక అచ్చం గడ్డిలాగే ఉంటుంది; దాన్ని పోల్చడానికి ఆమెకు ఎన్ని వానాకాలాలు పట్టాయో ఎవరూ అడగరు. ఒకే సాలులో పక్కపక్కన కూర్చుని ఒకే గడ్డి పీకినందుకు ఆమెకు కూలిస్తారు, శిష్యుడి దగ్గర ఫీజు తీసుకుంటారు. బ్రోచర్‌లో మాత్రం ఆమె ఆవుతో పాటు 'స్థానిక వనరులు' కింద వస్తుంది.

ఆంధ్రలో ప్రభుత్వ సంస్థ అయిన రైతు సాధికార సంస్థ 2016 నుంచి ఇదే విద్యను చేసి చూపించిన రైతులతోనూ, పొదుపు సంఘాల ఆడవాళ్లతోనూ ఊరూరా చెప్పిస్తోంది. రైతు పూర్తిగా ఈ దారికి రావడానికి ఏళ్లు పడుతుందని కూడా ఒప్పుకుంటోంది. పాపం, వాళ్లకింకా వీకెండ్ ప్యాకేజీ సంగతి తెలిసినట్టు లేదు.

విమర్శించి ఊరుకోవడం నా పద్ధతి కాదు కాబట్టి ఒక అడ్వాన్స్‌డ్ కోర్సు ప్రతిపాదిస్తున్నాను. మొదటి నెల కోతుల కాపలా. రెండో నెల, అర్ధరాత్రి మోటారు కాలిపోతే మెకానిక్‌ను బతిమాలే విధానం, ప్రాక్టికల్స్‌తో సహా. ఫైనల్ పరీక్ష కొనుగోలు కేంద్రంలో: వడ్లలో తేమ 17 శాతం దాటితే కొనరు. మళ్లీ ఆరబోయాలి. ఆరబోయగానే మబ్బు పడుతుంది. టార్పాలిన్ కోసం పరుగెత్తినవాళ్లు పాస్, రీఫండ్ అడిగినవాళ్లు సప్లిమెంటరీ.

ఫీజులో సగం ఆ పెద్దావిడకు ఇవ్వాలని కూడా నిర్వాహకులకు చెప్పి చూశాను. ఎందుకు కుదరదో వాళ్లు చాలా ఓపిగ్గా వివరించారు.

"ఆమెకు సర్టిఫికెట్ లేదు కదండీ."