ముందు ప్రార్థన, తర్వాత ప్రామిసరీ నోటు

మా చర్చి సంఘంలో, దేవుడు చేసిన మేలు లేచి చెప్పుకునే సాక్ష్యాలంటే ఏం వస్తాయో ముందే చెప్పేయొచ్చు. అబ్బాయికి వీసా వచ్చింది, స్థలం రిజిస్ట్రేషన్ అయింది, కారు కొన్నాం, అంతా దేవుని కృప. సంతోషమే, నాకేం కడుపుమంట లేదు. కానీ ఫలానావాళ్ల బాకీ వదిలేశాను, పోనీ వడ్డీ అయినా వదిలేశాను అన్న సాక్ష్యం మాత్రం ఇంతవరకూ వినలేదు.

అప్పులివ్వడం లేదా అంటే, భేషుగ్గా ఇస్తున్నాం. నూటికి రెండు రూపాయలు, అవసరం గట్టిదైతే మూడు.

ఈమధ్య ఒక ఇంట్లో ప్రార్థన కూడిక. ఆమెన్ అన్నారు, టీలు తాగారు, అందరూ చెప్పులేసుకుంటున్నారు. టిఫిన్ బండి నడుపుకునే ఒకామెను ఇంటాయన "ఒక్క నిమిషం ఉండమ్మా" అని ఆపి బీరువాలోంచి ఆమె రాసిచ్చిన ప్రామిసరీ నోటు తెచ్చాడు. మూడేళ్లు నిండితే కాలదోషం పడుతుంది కదా, వెనక చెల్లు రాయించుకోవాలి. వంద రూపాయలు జమ వేసి, ఆ చాప మీదే, కాగితం కింద బైబిల్ పెట్టి సంతకం చేయించుకున్నాడు. భర్త ఆపరేషన్‌కి తెచ్చుకున్న డబ్బు అది. మూడు రూపాయల చొప్పున మూడేళ్లు కడితే వడ్డీయే అసలును దాటుతుంది, లెక్కేసుకోండి. ఇంటాయన చెడ్డవాడేం కాదు. దశమ భాగం, అంటే రాబడిలో పదో వంతు చర్చికివ్వడం, ఎప్పుడూ తప్పడు.

మత్తయి 18లో యేసు చెప్పిన దాసుడి కథ మనందరికీ కంఠతా వచ్చు. పదివేల తలాంతుల బాకీ రాజు కొట్టేస్తే, వీడు బయటికొచ్చి తోటి దాసుడి గొంతు పట్టుకుంటాడు నూరు దేనారాల కోసం. ప్రసంగాల్లో ఆ నూరు దేనారాలను చిల్లర డబ్బులన్నట్టు చెప్తారు. కాదండీ. దేనారం అంటే అప్పట్లో ఒక రోజు కూలి. ఇప్పటి కూలి ఐదొందలు అనుకున్నా యాభై వేలు! వదులుకోవాలంటే ఎవరికైనా గుండె కలుక్కుమంటుంది. ఐదు రూపాయలు వదిలేయమని చెప్పడానికి అంత కథ అక్కర్లేదు.

దశమ భాగం తెమ్మనే మలాకీ 3వ అధ్యాయం నెలకోసారైనా వింటాం. నెహెమ్యా 5 మీద ప్రసంగం విన్నవాళ్లుంటే చెప్పండి. ప్రజలు పొలాలు కుదువ పెట్టి అల్లాడుతుంటే, యూదా దేశపు అధికారి నెహెమ్యా అప్పులిచ్చిన పెద్దలందర్నీ నిలబెట్టి, పొలాలతో పాటు మీరు తీసుకునే నూరవ భాగం కూడా తిరిగిచ్చేయమంటాడు. నూరవ భాగమంటే నెలకని చాలామంది పండితుల మాట. అంటే మనవాళ్లు ధర్మవడ్డీ అనుకునే రూపాయి వడ్డీయే. దానికే ఆయనకు అంత కోపం వచ్చింది.

ఒంగోలు వైపు వాళ్లకి అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర సంగతి కొత్త కాదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు. అంకె అందరికీ గుర్తే. అంతకుముందు కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ పని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో వచ్చినవాళ్లకు కూలి ఇప్పించాడు. ఆ సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు, అన్నం కోసం ఎవరూ మతం పుచ్చుకోకూడదని. నాకు 2,222 కన్నా ఇదే పెద్ద సంగతి. పెట్టాడు, బదులుగా ఏమీ అడగలేదు.

"అందరికీ మాఫీ చేస్తూ కూర్చుంటే మా పిల్లల ఫీజులు ఎవరు కడతారు?" అంటారు. నిజమే, అసలు సొమ్మును వదిలేయమని నేనూ అనను. వ్యాపారానికి తీసుకున్నవాడి దగ్గర వడ్డీ తీసుకోండి. ఆసుపత్రి బిల్లు మీద మూడు రూపాయలేంటండీ?

కోతల పండగ వేలంలో గుమ్మడికాయను వెయ్యి రూపాయలకు పాడేవాళ్లం మనం. ఆ డబ్బులో కొంత, వడ్డీ లేని చేబదుళ్లకు పక్కన పెట్టమని సంఘ కమిటీలో అడిగాను. "తిరిగి కట్టకపోతే?" అన్నారు ఓ పెద్దాయన. న్యాయమైన ప్రశ్నే. కొందరు కట్టరు, ఆ నష్టం కూడా లెక్కలో వేసుకునే మొదలుపెడదాం అన్నాను. వచ్చే మీటింగుకి వాయిదా వేశారు. మీ సంఘంలో ఎవరైనా ఇలా నడుపుతుంటే, ఎగ్గొట్టినవాళ్ల విషయంలో ఏం చేస్తున్నారో కాస్త చెప్పండి, పట్టుకెళ్లి వినిపిస్తాను.