పంచాయతీ గోడకో గ్రాఫ్ కావాలి

కోనసీమలో ప్రతి పంచాయతీ గోడ మీదా ఒక మార్పిడి గ్రాఫ్ గీయించాలని ప్రభుత్వం వారికి నా మనవి. కారణాలు చిత్తగించగలరు.

మొన్న మా మేనల్లుడు అరుగు మీద గ్రాఫ్ కాగితం పరిచాడు. అడ్డంగా కువైట్ దినార్లు, నిలువుగా రూపాయలు. దినారు 280 అనుకుని, సున్నా దగ్గర ఒక చుక్క, 10 దినార్లకి 2,800 దగ్గర ఇంకో చుక్క పెట్టి, స్కేలు ఆనించి గీత లాగేశాడు. ఇక 6 దినార్ల దగ్గర పైకి వెళ్లి, గీత తగలగానే ఎడమకి తిరిగితే 1,680. గుణకారం లేదు, ఫోను లేదు. ఇరవయ్యో ముప్పయ్యో అటూ ఇటూ అయితే, ఆ పాపం పెన్సిల్ చెక్కుకోనివాడిది.

మా అమ్మ కళ్లజోడు సర్దుకుని చూసింది. "బానే ఉంది గానీ బుజ్జీ, మీ నాన్న పంపిన డబ్బులో మధ్యవాళ్లు కోసుకున్నది ఇందులో ఎక్కడుందిరా?"

"అది లెక్కలో ఇవ్వలేదు అమ్మమ్మా."

ఇచ్చుంటే గీత సున్నా కింద నుంచి బయల్దేరేది.

ధాన్యం గీతా అంతే. బస్తా 75 కిలోలు, 4 బస్తాలు 3 క్వింటాళ్లు. కళ్లంలో ఉన్నంతసేపూ తిన్నగానే ఉంటుంది. మిల్లు గేటు దాటాక తేమ అంటారు, తరుగు అంటారు, దాని నడుం వంగిపోతుంది.

అసలు గీతలన్నీ సున్నా నుంచే మొదలవ్వాలని రూలేం లేదు. సెంటీగ్రేడ్ సున్నా అంటే ఫారన్‌హీట్ 32. మా వైపు కట్నాలది ఈ పద్ధతే. అబ్బాయి జీతం సున్నా అయినా 32 కాసుల దగ్గర మొదలు, అంటే పావు కిలో దాటిన బంగారం. వీసా వచ్చిందా, గీత కొబ్బరి చెట్టులా నిలబడుతుంది. మైనస్ 40 దగ్గర ఆ రెండు కొలతలూ ఒకటవుతాయట. మా వియ్యంకుల మధ్య అంత చలి ఇంకా పడలేదు.

కాబట్టి గోడ మీద గీయిస్తే అందరూ ఒకే గీత చూసి మాట్లాడతారు. ఒక్క జాగ్రత్త. మా పంచాయతీ గోడకి ఇప్పటికే ఒక గీత ఉంది, అడ్డంగా, స్కేలు పెట్టి గీసినట్టు. ధవళేశ్వరం దగ్గర 17.75 అడుగులు దాటి మూడో హెచ్చరిక ఎగరేసిన ఏడాది వరద వదిలిన బురద గీత అది. గ్రాఫ్ దానికి పైన గీయించగలరు.