సమపార్శ్వ కర్ణం

పక్షవాతం వచ్చిన చెయ్యి ఎంత కోలుకుందో కొలవడానికి ఫ్యూగల్-మేయర్ అనే పరీక్ష ఉంది. 1975లో స్వీడన్‌లో పుట్టింది. చేతికి 66 మార్కులు. ఒక్కో కదలికకూ, అస్సలు చేయలేకపోతే 0, కొంత చేస్తే 1, పూర్తిగా చేస్తే 2. దీనికి ఎవరో చేసిన తెలుగు ఒకటి నా కంటబడింది. ఎవరిదో చెప్పను, వాళ్లకీ పిల్లాపాపా ఉంటారు.

అందులో ఒకచోట, పడిపోయిన చేతిని అవతలి మోకాలి మీంచి ఇవతలి చెవి దాకా తీసుకెళ్లాలి. భుజం, మోచెయ్యి, ముంజెయ్యి ఎలా కదిలాయో ఆరు ముక్కలుగా చూసి 12 మార్కులకు వేస్తారు. నిపుణుల కమిటీ తెలుగు ఇదీ: 'ప్రభావిత హస్తమును వ్యతిరేక పార్శ్వ జానువు నుండి సమపార్శ్వ కర్ణము వరకు కొనిపోవుడు.'

కొనిపోవుడు!

పరీక్షకు కూర్చున్న పెద్దాయన శ్రద్ధగా విని, "కర్ణుడికేమయింది బాబూ?" అన్నాడు. థెరపిస్టు కుర్రాడు వాక్యం మార్చకూడదు కాబట్టి ఇంకాస్త గట్టిగా చదివాడు. మూడోసారి వార్డంతా వినేలా చదివాడు. ఈలోగా చెవి దగ్గరికి దోమ వచ్చింది. మంచి చేతిలో కర్ర ఉంది. పడిపోయిన చెయ్యే ఒళ్లోంచి లేచి గడ్డం దాకా వచ్చింది.

"అదిగో లేచింది!" అంది ఆయన భార్య.

"అది దోమ కోసం లేచిందమ్మా, పరీక్ష కోసం కాదు," అని కుర్రాడు ఆరు సున్నాలు చుట్టాడు. ఇంకో థెరపిస్టు వచ్చి మళ్లీ అదే చదివి, తనూ ఆరు చుట్టింది. ఇద్దరి మార్కులూ అచ్చుగుద్దినట్టు కలిశాయి. దీన్నే విశ్వసనీయత అంటారు.

ఆ తెలుగును తిరిగి ఇంగ్లీషు చేయిస్తే కూడా అసలుతో పొల్లుపోకుండా కలిసిందట. కలవదా మరి? ఇంగ్లీషు మాటకు సంస్కృతం తొడుగేశారు, రెండోవాడు తొడుగు విప్పాడు. మధ్యలో తెలుగెక్కడ తగిలింది కనక?

నలుగురు రోగుల్ని కూర్చోబెట్టి 'మీకేం అర్థమైంది?' అని అడగడం కూడా ఈ పనిలో ఒక మెట్టే. దాన్ని దూకేశారు. మెదడు దెబ్బతిని మామూలు మాట పట్టుకోవడానికే చెమటోడ్చే మనిషి ముందు జానువా? సిగ్గులేదూ? మీ వాక్యానికి పడాల్సిన సున్నాలు ఆయన చేతికి వేశారు. రేపు ఎవరో ఆ ఫైలు తిరగేసి, ఈ చేతికింక కసరత్తు దండగ అంటారు. అప్పుడు కమిటీ వస్తుందా ఆయనకు అన్నం కలిపి పెట్టడానికి?

బయట వరండాలో ఆవిడ, "ఏవండీ, ఆ చేత్తో చెవి పట్టుకోండి చూద్దాం," అంది. చెయ్యి వణుకుతూ గడ్డం దాటి, చెంప దాకా వచ్చి ఆగింది.